అర మిల్లీమీటరు, అరసున్న

భోజనాల బల్ల మీద నాలుగు స్పిట్‌ఫైర్ల రెక్కలు వరసగా పరిచి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుస్తున్నాను. మా ఆవిడ చారు గిన్నె పట్టుకొచ్చి నిలబడింది. "ఇవి తీస్తే అన్నం పెడతాను" అంది. తీయలేదు. చారు చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు. రెక్క వెడల్పు ఒకసారి తప్పుగా నమోదైతే మాత్రం దిద్దేవాడు ఉండడు. ఆ పూట పెరుగన్నం వంటింట్లో నిలబడి తిన్నాను. శాస్త్రం కోసం ఇంతకన్నా కష్టాలు పడ్డవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ ప్రస్తావన ఇక్కడితో వదిలేస్తున్నాను.

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. స్పిట్‌ఫైర్ అనేది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ఫైటర్ విమానం. సూపర్‌మెరీన్ కంపెనీలో ఆర్.జె. మిచెల్ దాన్ని రూపొందించాడు. 1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీలో అది మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడాదే ఆయన క్యాన్సర్‌తో పోయాడు. తన విమానం యుద్ధానికి వెళ్ళడం చూడనే లేదు. ఆ తర్వాత అలాంటివి ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. ఇదంతా చరిత్ర పుస్తకాల వ్యవహారం, మాకు దాంతో పెద్దగా పని లేదు. మా పని ప్లాస్టిక్ స్పిట్‌ఫైర్‌తో. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తుంది, జిగురు పెట్టి అతికించుకోవాలి, రంగు వేసుకోవాలి. బ్రిటన్ నుంచి ఎయిర్‌ఫిక్స్, జపాన్ నుంచి టమియా, హసెగావా, చెక్ దేశం నుంచి ఎడ్వార్డ్, ఉక్రెయిన్ నుంచి ఐసీఎం, ఇంకా బోలెడు కంపెనీలు దీన్ని అచ్చు పోశాయి. ఎవరి రామాయణం వాళ్ళది. ఏ రామాయణంలో రాముడి ముక్కు సరిగ్గా ఉందన్నదే మా జీవితకాలపు చర్చ.

అసలు విమానం రెక్కల పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 11.23 మీటర్లు. 1:72 స్కేల్లో, అంటే 72 రెట్లు చిన్నది చేస్తే, 156 మిల్లీమీటర్లు రావాలి, 1:48లో 234, 1:32లో 351, 1:24లో 468. ఈ నాలుగు అంకెలూ నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గ్యాస్ కనెక్షన్ నంబరు అడిగితే మాత్రం పుస్తకం వెతకాలి.

ఇక అర మిల్లీమీటరు సంగతి. 1:48లో అర మిల్లీమీటరంటే అసలు విమానంలో 24 మిల్లీమీటర్లు, అంగుళం కూడా కాదు. "అంగుళం కోసం ఇంత గొడవా?" అని మీరు అడగొచ్చు. అరసున్న కోసం మన పండితులు ఎన్ని తరాలు కొట్టుకున్నారో గుర్తు చేసుకోండి. దాన్ని పలికినవాడూ లేడు, విన్నవాడూ లేడు. అయినా అది లేని పద్యం చూస్తే పెద్దలకి కడుపులో దేవినట్టుండేది. మాకు ముక్కు పొట్టి స్పిట్‌ఫైర్ అలాంటిదే.

నేను అతిశయోక్తులు చెప్పే మనిషిని కాను. కూకట్‌పల్లిలో ఉండే మిత్రుడొకాయన రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

"గురువుగారూ, పెట్టె తెరిచారా?"

"తెరిచాను."

"ముక్కు చూశారా?"

"చూశాను."

"పొట్టి."

"పొట్టే."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఎవరు పోయారని మా ఆవిడ సైగ చేసి అడిగింది.

ఈ రంగంలో రెండు వాదాలున్నాయి. ఆకారవాదులు, అతుకువాదులు. హసెగావా వాళ్ళ 1:48 మార్క్ 9 (మార్క్ అంటే స్పిట్‌ఫైర్‌లో ఎన్నో రకమో చెప్పే నంబరు) వచ్చినప్పుడు ముక్కలు ఒకదానికొకటి చక్కగా కూర్చున్నాయి. కానీ ఒళ్ళు సన్నగా, పొట్టిగా ఉందని ఆకారవాదులు ముఖం తిప్పుకున్నారు. ఐసీఎం మార్క్ 9లో ఆకారం నయమన్నారు, కానీ అతికించబోతే ముక్కలు ఉమ్మడి ఆస్తి పంచుకుంటున్న అన్నదమ్ముల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడవు. "ఆకారం ఉంటే చాలు, సందులు పుట్టీతో పూడ్చుకుంటాం" అంటారు వీళ్ళు. "అతుకు కుదిరితే చాలు, అల్మారాలో పెట్టాక టేపు పట్టుకుని ఎవడొస్తాడు?" అంటారు వాళ్ళు. టేపు పట్టుకుని నేను వస్తాను. చాలా ఇళ్ళకి వెళ్ళాను కూడా. మళ్ళీ పిలిచినవాళ్ళు తక్కువ.

టమియా సంగతి వేరు. 1990ల మొదట్లో వాళ్ళు 1:48లో మార్క్ 1 తెచ్చారు. అతుకువాదులకి అది పంచామృతం. దాని ఒళ్ళు పొట్టి అనీ, రెక్క మరీ వెడల్పు అనీ ఆకారవాదులు గొణుగుతూ ఉంటే అసూయ అన్నారు. తీరా 2018లో టమియా వాళ్ళే ఆ విమానానికి మళ్ళీ మొదటి నుంచి కొత్త అచ్చు చేశారు. ఆ ఒక్క రాత్రిలో పాత కిట్‌ని మెచ్చుకున్నవాడు భూమ్మీద మిగల్లేదు. అందరికీ మొదటి నుంచీ అనుమానమేనట. ఎన్నికల ఫలితాల మర్నాడు ఓడిన పార్టీకి ఓటేసినవాడు ఎక్కడా కనపడడు చూడండి, అలా.

వీటన్నిటికీ మూలపురుషుడు 1950ల నాటి ఎయిర్‌ఫిక్స్ స్పిట్‌ఫైర్. ఆ కంపెనీ మొట్టమొదటి విమానం కిట్ అదే. ఊల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకి సంచీలో పెట్టి అమ్మేవారు. అమెరికన్ కంపెనీ అరోరా వాళ్ళ కిట్‌ని చూసి చేసిందది. కాపీ కొట్టే కుర్రాడు పక్కవాడి తప్పుల్ని కూడా దించుకున్నట్టు, అందులోని తప్పులన్నీ ఇందులోకీ వచ్చాయి. బ్రిటన్ పిల్లలు దాన్ని కొనుక్కుని, అతికించి, దారం కట్టి కప్పుకి వేలాడదీసుకున్నారు. ఒక్కడూ కొలవలేదు. ఒక తరం తరమంతా అలా అజ్ఞానంలో ఆనందంగా గడిపేసింది. తలుచుకుంటే జాలేస్తుంది.

మీకో రహస్యం చెప్పాలి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబర్లు సౌతాంప్టన్‌లో సూపర్‌మెరీన్ కర్మాగారాన్ని ధ్వంసం చేశాయి. దాంతో పనంతా చుట్టుపక్కల ఊళ్ళకి పంచేశారు. బస్సు డిపోలు, కార్ల గ్యారేజీలు, ఆఖరికి లాండ్రీలు కూడా స్వాధీనం చేసుకుని వాటిలో విమానం భాగాలు తయారు చేశారు. దుప్పట్లు ఉతికే చోట విమానం పని అన్నమాట. వాటితో యుద్ధం గెలిచారు, కాదనను. కానీ ఆ షెడ్లలోంచి వచ్చిన విమానాలకి మా కాలిపర్స్ పెడితే ఎన్ని నెగ్గుతాయో చెప్పలేను. అసలు స్పిట్‌ఫైరే స్పిట్‌ఫైర్‌లా లేదని తేలే ప్రమాదం ఉంది. మ్యూజియంలో విమానాల చుట్టూ తాడు కట్టేది అందుకేనని నా అనుమానం.

రివెట్ల దగ్గరికి వద్దాం. స్పిట్‌ఫైర్ రేకుల్ని బిగించిన రివెట్ల తలలు పైకి ఉబ్బకుండా రేకుతో సమంగా ఉండాలన్నది మొదటి ఆలోచన. దానికి శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. మామూలు ఉబ్బు రివెట్లు ఎక్కడెక్కడ వాడితే నష్టం లేదో తేల్చాలి. అప్పుడు ఆ మహా ఇంజనీర్లు ఏం చేశారంటే, బఠానీ బద్దలు తెప్పించి, ఒక్కో రివెట్ తల మీద ఒక్కో బద్ద జిగురుతో అంటించారు. ఎగరేసి చూస్తే వేగం గంటకి 22 మైళ్ళు పడిపోయింది. తర్వాత వరస వరసగా బద్దలు పీకుతూ, మళ్ళీ మళ్ళీ ఎగరేస్తూ, ఏ చోటి బఠానీ వేగాన్ని తింటోందో తేల్చారు. నాకు తెలిసి ప్రపంచ విమాన చరిత్రలో పప్పుధాన్యాలకి దక్కిన అతి పెద్ద గౌరవం ఇదే. ఈ సంగతి చెబితే మా ఆవిడ లోపలికెళ్ళి పప్పు డబ్బా తీసి పై అరలోకి మార్చింది.

2013లో ఎడ్వార్డ్ వాళ్ళు తెచ్చిన 1:48 మార్క్ 9 ఒళ్ళంతా సన్నటి చుక్కలు, రివెట్ వరసలు. చూసినవాళ్ళు సగం మంది చేతులు జోడించారు. మిగతా సగం లెక్కలు తీశారు: 48 రెట్లు కుదిస్తే రివెట్ కంటికి ఆననే ఆనదు, పైగా అసలు విమానంలో రెక్క ముందంచున రివెట్లని మెత్తి నున్నగా చేసేవారు, కాబట్టి ఈ చుక్కలు అపచారం. ఇరు పక్షాలూ నన్ను తీర్పు అడిగాయి. చెప్పాను: రివెట్లు ఉండాలి, కనపడకూడదు. చారులో ఇంగువలాగ. ఇద్దరూ సమానంగా కోప్పడ్డారు కాబట్టి తీర్పు సరైనదే.

కాక్‌పిట్ తలుపుకి లోపల ఒక చిన్న గడ్డపార ఉంటుంది. విమానం కూలి కప్పు ఇరుక్కుపోతే పైలట్ దాంతో పగలగొట్టుకుని బయటపడాలి. 1:48లో అది చీమ కాలంత. దానికి ఎర్ర రంగు వేయాలా వద్దా అన్న విషయం మీద స్నేహాలు పోయాయి. నాకు రెండు పోయాయి.

రంగుల్లో అన్నిటికన్నా పెద్ద తగాదా పొట్ట కింది రంగుది. పేరు 'స్కై'. పేరు విని ఆకాశనీలం అనుకునేరు! పెసరపిండి కలిపిన మజ్జిగలా ఉంటుంది. 1940 జూన్‌లో ఫైటర్ల కింది భాగానికి ఈ రంగు వేయమని ఉత్తర్వు వచ్చింది. వచ్చినంత త్వరగా రంగు డబ్బాలు రాలేదు. ఎక్కడికక్కడ ఉన్నవేవో కలిపి పూసేశారు. బాతుగుడ్డు నీలం అన్నారు, బాతుగుడ్డు ఆకుపచ్చ అన్నారు. అసలు ఏది ఏ విమానం మీద ఉందో మేం ఎనభై ఏళ్ళ తర్వాత ఫొటోలు చూసి తేలుస్తున్నాం. ఫొటోలు నలుపు తెలుపువి. అది మాకు అడ్డంకి కాలేదు.

ఈ విషయంలో హైదరాబాదు వాళ్ళకి ప్రత్యేక హక్కుందని నా వాదన. మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిజాం డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి (విమానాల దండుకి) విమానాలు సమకూరాయి. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. దాని ముద్ర నిజాం ధరించే తలపాగా, నినాదం 'నమ్మకమైన మిత్రుడు'. 1940 వేసవిలో ఆ తలపాగా స్క్వాడ్రన్ ఇంగ్లండులోని డోర్సెట్‌లో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపింది. ఆ రోజుల్లో ఎవరైనా 5,000 పౌండ్లు పోగేసి ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద వాళ్ళ పేరు రాసేవారు. మరి స్క్వాడ్రన్‌కే ఊరి పేరు పెట్టించినవాడి ప్రజలం కదా మనం! దాని పొట్ట కింద పూసింది ఏ మజ్జిగో తేల్చాల్సింది మనం కాక ఎవరు? ఈ మాట ఒక మిత్రుడితో అంటే, ఆ విరాళం రైతుల శిస్తులోంచి వెళ్ళింది కదా, వాళ్ళని అడిగారా అన్నాడు. రంగుల చర్చలోకి రాజకీయాలు తేవద్దని మందలించాను.

ఇంతకీ ఏ కిట్ మంచిది అని అడుగుతారు జనం. నా దగ్గర అటక మీద స్పిట్‌ఫైర్లు మొత్తం పందొమ్మిది. టమియా 1:32 ఉంది. 2009లో వచ్చింది, ఇంజన్ మీది మూతలు అయస్కాంతాలతో అతుక్కుంటాయి, తీసి పెట్టుకోవచ్చు. ఆవకాయ జాడీలు అటక దిగి మంచం కిందకి వెళ్ళింది ఆ పెట్టె వచ్చినప్పుడే. ప్రతి పెట్టెకీ ఏ స్క్వాడ్రన్ డెకాల్స్ (గుర్తుల అంటింపు బొమ్మలు) వేయాలో, విమానం మీద ఏ అక్షరాలుండాలో చీటీ రాసి పెట్టాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అత్తగారు ఒకసారి ఆ చీటీలు చూసి అన్నారు. పెద్దావిడ, ఏమీ అనలేదు నేను.

పందొమ్మిదిలో ఎన్ని కట్టావని మాత్రం అడక్కండి. అది వృత్తి మర్యాద కాదు. పెట్టెలో ఉన్నంతవరకు లోపం కంపెనీది. జిగురు పెట్టిన క్షణం నుంచి లోపం నాది. ముక్కు అర మిల్లీమీటరు పొట్టి అయితే జపాన్‌లో ఎవడో సిగ్గుపడాలి, అదే రెక్క అర మిల్లీమీటరు వంకరగా అతికితే నేను సిగ్గుపడాలి. యాభై నాలుగేళ్ళొచ్చాక కొత్తగా సిగ్గుపడటం ఒంటికి పడదు.

అయినా పోయిన ఆదివారం ధైర్యం చేశాను. ఏ కంపెనీదో చెప్పను. బల్ల మీద పాత పేపరు పరిచాను, కళ్ళజోడు మీద భూతద్దం తగిలించుకున్నాను. స్ప్రూలోంచి, అంటే ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రంలోంచి, పైలట్ సీటు కత్తిరించాను. కటర్ కొంచెం లోపలికి దిగి అంచున చిన్న నొక్కు పడింది. సరే, అది సీటు, లోపలుంటుంది, కనపడదు. తర్వాత ఇత్తడి రేకులోంచి సీటు బెల్టు బకిల్ వేరు చేశాను. గోరు కొసలో నాలుగో వంతుంటుంది. పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సీటు మీదకి తెస్తున్నాను.

"ఈ ఉక్కలో ఎలా కూచున్నారండీ" అంటూ మా ఆవిడ ఫ్యాన్ వేసింది.

టార్చి లైటుతో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెతికాం. ఆవిడ కూడా నేల మీద పడుకుని సోఫా కిందకి చెయ్యి పెట్టి వెతికింది పాపం. 2017లో పోయిన ఆవిడ ముక్కుపుడక శీల దొరికింది.

సీటుని పెట్టెలో పెట్టి మూత వేసి టేపు అంటించాను. పెట్టె మీద చీటీలో తేదీ వేసి రాశాను: 'అతుకు బాగోలేదు.'