వెల్‌నెస్ ఛాలెంజ్ గారికి, మీ మాజీ ఛాంపియన్ రాయునది

మహారాజశ్రీ మా ఆఫీసు వెల్‌నెస్ ఛాలెంజ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేదాన్నే. మీ కుశలానికి ఢోకా లేదు, ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా అద్దాల బిల్డింగుల్లో దివ్యంగా ఉన్నారు. నా కుశలం గురించే ఈ ఉత్తరం.

ఈ ఏడాది మీ బరువు తగ్గే పోటీ ఆహ్వానం మెయిల్లో నా పాత ఫోటో వేశారు. మెడలో పతకం, లోపలికి పోయిన బుగ్గలు, కింద 'మన స్ఫూర్తి' అని. ఒంటి మీద స్వెట్టర్ చూశారా? అది ఏప్రిల్ నెల. బెంగుళూరు ఏప్రిల్లో స్వెట్టర్ వేసుకున్న మనిషిని చూసి ఒక్కరికీ అనుమానం రాలేదు. ఏసీ ఎక్కువైందనుకున్నారు కాబోలు.

అప్పటికే నెలసరి ఆగిపోయింది. మారతహళ్ళి పీజీలో బాత్రూం జాలీకి రోజూ నా జుట్టే అడ్డం. "బోరు నీళ్ళమ్మా, అందరికీ ఇంతే" అని పీజీ ఆంటీ తేల్చేసింది. మీరు మాత్రం ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు, బ్లూటూత్‌తో పనిచేసే బరువు మిషన్. తాగుడు మానలేనివాడి చేతిలో సీసా పెట్టినట్టు.

నాది అనోరెక్సియా, లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు. అందులో ఉన్న సుఖమే అది. జ్వరమొస్తే లీవ్ పెట్టమంటారు, దగ్గొస్తే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. దీనికైతే "డైట్ చార్ట్ పంపవా ప్లీజ్" అంటారు.

మీ పోస్టర్ మీద రంగురంగుల బీఎంఐ పట్టిక ఉంటుంది కదా, ఎత్తుకి తగ్గ బరువుందో లేదో లెక్క చెప్పేది. ఆ లెక్కకి 1972లో ఆ పేరు పెట్టినాయన ఆన్సెల్ కీస్, అమెరికా పరిశోధకుడు. ఆయనే 1944-45లో మినెసోటా యూనివర్సిటీలో, ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్ళకి, వాళ్ళు ఒప్పుకున్నాకే, ఆర్నెల్లపాటు తిండి సగానికి కోశారు. వాళ్ళకి ఎండాకాలంలోనూ చలేసేదట. వేరే ధ్యాసలన్నీ పోయి వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళట. మా డాక్టరమ్మ ఇది చెప్తుంటే ప్రాణం లేచొచ్చింది. రాత్రి రెండింటికి దుప్పట్లో దూరి గోంగూర మటన్ వీడియోలు చూసింది నేనొక్కదాన్నే కాదన్నమాట! కీస్ గారు పేరు పెట్టిన లెక్కని గోడకెక్కించారు సరే, ఆయన మిగతా పని కూడా కాస్త చదవాల్సింది.

ఇక బాగవడం సంగతి. ఇందులో లీడర్‌బోర్డు లేదు. మూడు భోజనాలు, మధ్యలో మూడు చిరుతిళ్ళు, ఆకలేసినా వేయకపోయినా గడియారం చూసి తినాలి. బరువు క్లినిక్‌లోనే చూస్తారు, అంకె నాకు కనపడకుండా వెనక్కి తిప్పి నిలబెట్టి. మీ మిషన్ పీజీ ఆంటీకి ఇచ్చేశాను. ఉల్లిపాయల బస్తాలో కొట్టువాడు ఎంత నొక్కాడో తూచుకుంటోంది.

నంద్యాల నుంచి అమ్మ వచ్చి ఉంది కొన్నాళ్ళు. ముద్దపప్పు మీద నెయ్యి పడుతుంటే నాకు గొంతు బిగుసుకుపోయేది. "ఒక్క ముద్ద" అని అమ్మ అనకూడదు, బతిమాలకూడదు, నా కంచం వంక చూడకూడదు. డైటీషియన్ ఆర్డరు. పక్కన కూర్చుని సీరియల్లో అత్తగారిని తిట్టుకుంటూ తన తిండి తను తినాలంతే. ఎదుటివాళ్ళు రెండోసారి వడ్డించుకోకపోతే నిద్రపట్టని మనిషి ఆవిడ. సీరియల్లో అత్తగారికి ఆ రోజుల్లో పడినన్ని తిట్లు ఎప్పుడూ పడి ఉండవు.

మొత్తానికి బుగ్గలొచ్చాయి. మొన్న లిఫ్టులో మీ కమిటీ మెంబరొకావిడ నన్ను ఎగాదిగా చూసి, "అయ్యో, వదిలేశావా?" అంది జాలిగా. నెలసరి తిరిగొచ్చిందండీ అని చెబుదామనుకున్నా, ఇంతలో ఆవిడ ఫ్లోరు వచ్చేసింది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఆ ఫోటో తీసేయండి. జిమ్ కూపన్‌కి చోటున్న పోస్టర్లో 14416 అనే నంబరుకి కూడా ఒక మూల ఇవ్వండి. టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ఫోన్ లైను, ప్రభుత్వానిదే, పైసా అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రారంభోత్సవం పదకొండింటికి అన్నారు. రాలేనండి. ఆ టైముకి నాకు వేరుశనగ ఉండ ఉంది, డాక్టరమ్మ రాసిచ్చింది.

ఇట్లు,
మీ మాజీ ఛాంపియన్