హమాలీల వేళ్లు, మార్పు శాస్త్రం

కంపెనీల్లో ఏదైనా మార్చాలంటే ముందు ఒక మోడల్ కావాలి. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ పేరిట 1947లో మూడు మెట్లు అచ్చయ్యాయి: పాత అలవాటును కరిగించు, కదిలించు, కొత్తదాన్ని గడ్డకట్టించు. (జనం దాన్ని ఏం చేశారో చూడకుండా ఆ ఏడాదే పోయాడు, అదృష్టవంతుడు.) మే నెల మిర్యాలగూడలో మొదటి మెట్టుకు పైసా ఖర్చుండదు. మూడోదే కష్టం.

అక్కడి ఒక రైస్ మిల్లులో ఈమధ్య హమాలీల హాజరు గుమాస్తా చిట్టాలోంచి వేలిముద్ర మెషిన్‌లోకి మారింది. ఇంత పని మోడల్ లేకుండా చేస్తే పాపం తగలదూ! హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్ దిగి, మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జాన్ కాటర్ 1995లో చెప్పిన ఎనిమిది మెట్లు గోడకు అతికించాడు. ఒకటి, అర్జెన్సీ పుట్టించాలి. కోతల సీజన్, గేటు బయట ట్రాక్టర్ల బారు, తేమ శాతం మీద రైతులతో పంచాయితీ. ఇంకెంత పుట్టించాలో సేటుకు అర్థం కాలేదు. రెండు, మార్పును నడిపే బృందం. సేటు, కొడుకు, బామ్మర్ది. అది మిల్లు కట్టిననాడే ఏర్పడింది. మిగతా ఆరూ మధ్యాహ్నం భోజనంలోపు ముగిశాయి.

మెషిన్ మాత్రం హమాలీలను గుర్తుపట్టలేదు. ఏళ్ల తరబడి గోనెసంచులు మోసిన వేళ్లకు గీతలెక్కడివి? కన్సల్టెంట్ రిపోర్టులో 'సిబ్బంది ప్రతిఘటన' అని రాసుకున్నాడు. మెషిన్ తప్పని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ప్రతిఘటనకు మందుంది. డాక్టర్ ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి, 1969లో ఐదు దశలు చెప్పారు: నమ్మకపోవడం, కోపం, బేరం, దిగులు, ఒప్పుకోలు. మేనేజ్‌మెంట్ పండితులు వాటిని ఎత్తుకొచ్చి ఉద్యోగులకు తగిలించారు. జీతగాణ్ణి తాము ఎలా చూస్తున్నారో ఇంత నిజాయితీగా వాళ్లు మరెక్కడా ఒప్పుకోలేదు.

హమాలీల మేస్త్రీ వచ్చాడు. "మెషిన్ పెట్టుకో సేటూ, మాకేం ఫరక్ పడదు. అది గుర్తుపట్టని రోజుల కూలి ఎవరిస్తరు? బస్తాకు ఎంత పెంచుతవో గది చెప్పు."

"మూడో దశ!" అని కన్సల్టెంట్ మురిసిపోయాడు. "ఇక దిగులు, ఆపైన ఒప్పుకోలే."

రెండు రోజులు లారీలు లోడు కాలేదు. దిగులూ వచ్చింది, ఒప్పుకోలూ వచ్చింది, రెండూ సేటుకే. బస్తా రేటు పెరిగింది. చిట్టా మళ్లీ బల్ల మీదికొచ్చింది. కన్సల్టెంట్ బిల్లు దగ్గర మాత్రం సేటు ఇంకా బేరం దశ దాటలేదని గుమాస్తా చెప్పాడు.