ఆ పాస్‌వర్డ్ మెసేజ్ ఇంగ ఫార్వర్డ్ చేయొద్దప్పా

మా కడప బంధువుల వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతాంది. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉంటే ఎనిమిది అక్షరాలు చాలంట, నెలనెలా మార్చాలంట, యాడా రాసుకోకూడదంట, ఇట్ల చేస్తే ఎవడూ ఏం చేయలేడంట. నమ్మి పాటిస్తే నష్టపోతారు, అందుకే రాస్తాండా.

గుర్తు పెట్టమనంగానే మనం చేసేదేంది? ఊరి పేరు మొదటి అక్షరం పెద్దది చేసి, ఎనక ఎట్ గుర్తు, దాని ఎనక 123. లేదంటే ఏపీ 04తో మొదలయ్యే బండి నంబరు. మనకు తట్టింది పక్కోడికీ తడ్తాది, పాస్‌వర్డులు ఊహించే సాఫ్ట్‌వేర్‌కు ఈ అలవాట్లన్నీ ముందే నేర్పింటారు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్లకు పైగా పాస్‌వర్డులు బయటపడినాయి, వాటిలో ఎక్కువమంది పెట్టుకున్నది 123456, ఆ లిస్టు పెట్టుకుని దొంగలు ఇప్పటికీ ప్రయత్నిస్తానే ఉంటారు. బలమొచ్చేది పొడుగుతో. ఉత్త చిన్నక్షరాలే ఎనిమిది గజిబిజిగా పెడితే దాదాపు 20,900 కోట్ల రకాలు, అదే పన్నెండు పెడితే దానికి 4,56,976 రెట్లు. ఏదో ఒక పుస్తకం తెరిచి కండ్లు మూసుకుని వేలు పెట్టి ఐదు మాటలు ఏరుకోండి. రోలు, గాలిపటం, తాసిల్దారు, చెనిక్కాయ, అత్తరు, ఇట్ల పొంతన లేకుండా (ఇవే పెట్టుకోవద్దు, మీవి మీరు ఏరుకోండి).

నెలనెలా మార్చడం పాత మాట. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం ఇట్లాంటి రూల్స్ రాసిన బిల్ బర్ అనే ఆయనే 2017లో తప్పు చేసినానని బాధపడినాడు, ఆ సంస్థ కూడా కారణం లేకుండా మార్పించొద్దని అదే ఏడాది చెప్పింది. మార్చమంటే జనం చివర 1 తీసి 2 పెడ్తారు, అంతే. లీకైందని తెలిస్తే మాత్రం ఆ నిమిషమే మార్చాల.

ఎవడూ ఏం చేయలేడనేది ఇంకా ప్రమాదం. ఎంత గట్టి పాస్‌వర్డ్ అయినా దొంగ సైటులో మన చేత్తో మనమే కొడితే పాయె. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టినాక ఇంకోసారి మనమే అని రుజువు అడిగేది) ఆన్ చేసుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

రాసుకోకూడదనే మాట మీదే నాకు ఎక్కువ కోపం. మా చిన్నాయనకు ఏడు రోడ్ల దగ్గర అంగడి, రాసుకోకూడదు అన్నారని, గుర్తుండదని, అన్నిటికీ ఒకటే పెట్టుకున్నాడు. బట్టలు కొన్న ఒక సైటు నుంచి అది లీకైంది, దాంతోనే ఆయన మెయిల్ తెరిచినారు, మెయిల్ చేతికొస్తే ఇంగ తక్కిన వాటికి ఫర్గాట్ పాస్‌వర్డ్ కొడితే చాలు గదా. రికవరీ నంబరు కూడా మార్చేసినారు. రెండు రోజులు అంగడి మూసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు మనిషి, అన్నం కూడా సరిగ్గా తినలా. యాడో దేశంలో కూర్చున్నోడు మన బీరువా తెరవలేడు, కానీ ఒక సైటులో దొరికింది వంద సైట్లలో కొట్టి చూస్తాడు. ఫోన్ బాగా వచ్చినోళ్లు పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులన్నీ భద్రంగా దాచిపెట్టే యాప్) వాడండి, బిట్‌వార్డెన్ ఫ్రీగానే దొరుకుతాది. చిన్నాయనకు అది కుదరక నీలం అట్ట నోటుబుక్కు కొనిచ్చినా, చిన్నమ్మ పట్టుచీరల కింద పెట్టి తాళం ఏస్తాది. దాంట్లో ఇప్పుడు పదకొండు ఉండాయి, ఒకదానికి ఒకటి పోలిక లేదు.