రౌటర్ లిస్టులోని పదిహేడో శాల్తీకి

శ్రీయుత అన్‌నోన్ డివైస్ గారికి,

నిజాంపేట ఫ్లాట్ నుంచి వైఫై బిల్లు కట్టేవాడు నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. ఆదివారం సాయంత్రం దాకా మీరెక్కడున్నారో తెలియక మీ క్షేమం అడగలేకపోయాను.

పప్పుచారన్నం తిని కునుకు తీయాల్సిన వేళ, టీవీ ఆగి ఆగి ఆడుతోందని రౌటర్ పేజీ తెరవడం నా తప్పే. మా వైఫైకి తగులుకున్నవి పదిహేడు పేర్లున్నాయి. ఇంట్లో లెక్కేస్తే పద్నాలుగు: ఫోన్లు మూడు, లాప్‌టాప్‌లు రెండు, టీవీ, తెలుగులో ఏం చెప్పినా వాన పడుతుందో లేదో చెప్పే స్పీకరు, గుమ్మం కెమెరా, ఫోన్‌తో వేసి ఆర్పే గీజరు ప్లగ్గు, అలాంటివే బల్బులు ఐదు.

ఎక్కువొచ్చిన మూడింటిలో ఒకటి నేనే. ఫోన్లు వైఫైకి తమ సొంత గుర్తింపు నంబరు, అంటే మ్యాక్ అడ్రసు, చెప్పడం మానేసి ఉత్తుత్తిది చెబుతున్నాయి కదా. ఆండ్రాయిడ్‌లో 2019 నాటి పదో వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఇదే వరస. మ్యాక్ అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది మారువేషమని గుర్తు. పోయిన నెల ఫోన్‌ని రీసెట్ చేసినప్పుడు అది వేషం మార్చింది, రౌటరేమో పాత వేషాన్ని కూడా దాచుకుంది. రెండోది సంక్రాంతికొచ్చిన మా బావమరిది లాప్‌టాప్. మనిషి వెళ్ళినా పేరు వెళ్ళలేదు.

మూడోది తమరు.

మీ పేరున్న చోట 'ఎస్ప్రెసిఫ్' అని ఉంది. అది షాంఘైలో వైఫై చిప్పులు చేసే కంపెనీ. మ్యాక్ అడ్రసు పన్నెండు అక్షరాల్లో మొదటి ఆరూ చూసి రౌటర్ పలికే ఇంటిపేరన్నమాట. ఆ కంపెనీని అనడానికేం లేదు, చిప్పు చేసి అమ్ముకుంది. దాన్ని కొని బల్బులో పెట్టినవాడికి 'నేను బల్బుని' అని దానిచేత చెప్పించడానికేం రోగం? మా బల్బులు ఐదూ, గీజరు ప్లగ్గూ, మీరూ, అందరూ అదే ఇంటిపేరు. పెళ్ళి పందిట్లో 'రావుగారూ' అని పిలిస్తే ఏడుగురు తిరిగి చూసినట్టుంది. ఆరుగురు మావాళ్ళు. ఏడోవారెవరు?

మా ఆవిడని స్విచ్చుల దగ్గర నిలబెట్టాను. ఒక్కో బల్బూ ఆర్పడం, లిస్టులోంచి పేరు పోయేదాకా రెండు మూడు నిమిషాలు ఆగడం. "పోయిందా?" "ఇంకా లేదు." "ఇప్పుడు?" "ఉండు." నాలుగో బల్బు దగ్గర "ఏవండీ, దొంగ వచ్చి కూర్చుంటే టీ అయినా ఇద్దాం కానీ నా నిద్ర మీకేం చేసింది?" అంది. ఆరూ ఆర్పేశాం. ఏడోది నిక్షేపంలా ఉంది, సిగ్నల్ కూడా ఫుల్లు.

కస్టమర్ కేర్ ఇరవై నిమిషాలు పాట వినిపించి, "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంది. ఆ పాటకి వేరే ఉత్తరం రాస్తాను.

సిగ్నల్ ఫుల్లంటే దగ్గరివాడే అని, పై ఫ్లాట్ బీటెక్ కుర్రాడి తలుపు కొట్టాను. "అన్నా, నాది మూడు వందల ఎంబీపీఎస్. మీది నాకెందుకన్నా?" అన్నాడు. వాడి ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. అదే కడుపు మండించింది. కిందికొచ్చి పాస్‌వర్డ్ మార్చేశాను.

తమరు పోయారు. తమరితో పాటు ఇల్లంతా పోయింది. మా బల్బులకి కొత్త పాస్‌వర్డ్ ఎక్కించాలంటే స్విచ్చి ఐదుసార్లు వేసి ఆర్పాలి, అది టపటపా కొట్టుకోవాలి, ఫోన్ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనే బ్యాండు మీదే ఉండాలి. నాలుగుసార్లే అయినట్టనిపిస్తే మళ్ళీ మొదటికి. ఎదురు బ్లాకువాళ్ళు మా బెడ్‌రూం చూసి ఏమనుకున్నారో!

పొద్దుగుంకింది. పూజగదిలోంచి అమ్మ కేక: "ఒరే నాన్నా, దేవుడి దగ్గర లైటు వెలగలేదేరా?"

అప్పుడు గుర్తొచ్చావు. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చి, వెంకటేశ్వరస్వామి పటం వెనక నేనే దూర్చిన ప్లగ్గువి. సూర్యాస్తమయానికి వెలగాలని వేరే యాప్‌లో పెట్టాను, రీసెట్‌లో ఆ యాప్ పోయింది. నీకు పొద్దుగుంకిందని చెప్పేది ఎక్కడో ఉన్న సర్వరు. నేను నెట్ కోసేశాక నీకు పగలేంటి, రాత్రేంటి?

రెండేళ్ళుగా ఒక్క సాయంత్రం మానలేదు కదరా! ఒక్కసారి, ఒకే ఒక్కసారి 'పూజగది ప్లగ్గు' అని నీ పేరు చెప్పుకుని చావలేకపోయావా? పరాయి పిల్లాణ్ణి దొంగన్నాను నీ మూలాన! రేపు లిఫ్టులో వాడి ముఖం ఎలా చూడాలి?

రాత్రి పదికి నిన్ను మళ్ళీ కలిపాను. కొత్త యాప్‌లో పేరు కూడా పెట్టాను. రౌటర్ తెరిస్తే మళ్ళీ అదే 'ఎస్ప్రెసిఫ్'. యాప్‌లో పెట్టిన పేరు యాప్‌లోనేనట.

అందుకే నీ వీపున ప్లాస్టర్ ముక్క అంటించి, మ్యాక్ అడ్రసు చివరి ఆరక్షరాలూ బాల్‌పెన్నుతో రాశాను. పొద్దున చూస్తే దాని మీద కుంకుమ బొట్టు. అమ్మ పెట్టింది. మధ్యలో రెండక్షరాలు కనబడటం లేదు.

ఇట్లు,
పద్నాలుగు కాదు, పదిహేనని లెక్క దిద్దుకున్న
మీ వైఫై బిల్లుదారు