జాగ్వార్ ఇ-టైప్ దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1961 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఇ-టైప్ వారి దివ్యసముఖానికి,

తమరు ఇంగ్లండులో ఏదో ఒక గ్యారేజీలో, మెత్తని ముసుగు కప్పుకుని, బ్యాటరీకి ఛార్జరు తగిలించుకుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వాన పడుతుంటే ఎలాగూ బయటికి రారు కదా.

అమెరికాలో టయోటా క్యామ్రీ అని ఒక నాలుగు తలుపుల సంసారి ఉన్నాడు. పిల్లల్ని బడి దగ్గర దింపి, తిరిగి వస్తూ డిక్కీ నిండా సరుకులు తెచ్చే రకం. 2018 నమూనాలో అతని వి6 (ఆరు సిలిండర్ల) ఇంజనుది 301 గుర్రాల బలం. తమరిది 265. అదైనా ఆ కాలపు పద్ధతిలో, ఇంజనును విడిగా బల్లకెక్కించి, దాని మీద పడే అదనపు భారాలన్నీ విప్పేసి కొలిచిన లెక్క. నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి తమరికి దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. అతను ఆరులోపే ముగిస్తాడు, వెనక సీట్లో బామ్మగారి కునుకు చెడకుండా.

ఇక గంటకు 150 మైళ్లన్న తమరి సుప్రసిద్ధమైన గరిష్ఠ వేగం సంగతి. పత్రికలవారికి ప్రత్యేకంగా సానబట్టి ఇచ్చిన కారు ఆ అంకె దాటిన మాట నిజమే. డబ్బు పోసి కొన్నవారి కార్లు మాత్రం దాని దరిదాపుల్లోనే ఆయాసపడ్డాయి.

అయితే 1961లో జెనీవా కార్ల ప్రదర్శనలో తమరిని చూసి జనం ఎగబడ్డారంటే తప్పుపట్టలేను. నడిపి చూస్తామన్నవారి తాకిడికి ఒక్క కారు చాలక, జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఇంగ్లండులోని కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రే ఇంకొకటి తోలుకొచ్చారు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, జాగ్వార్ రూపశిల్పి మాల్కమ్ సేయర్ లెక్కలు కట్టి గీసిన ఆ ఒంపులు, ఇంగ్లండులో రెండు వేల పౌండ్లు దాటీదాటని ధర! 1996లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తమరిని కొలువుకు తీసుకుంది. క్యామ్రీకి ఆ యోగం లేదు.

నా కడుపుమంటల్లా మీ భక్తుల న్యాయం మీదే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. 1964లో 4.2 లీటర్ల ఇంజను వచ్చేదాకా తమరి మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేరు గరగరమనకుండా పడేలా చేసే ఏర్పాటు, లేదు. అది గరగరమంటే ‘యంత్రంతో సంభాషణ’ అంటారు. క్యామ్రీ గేరు ఒక్కసారి ముక్కితే వారంటీ కాగితాలు బయటికి తీస్తారు. తమరి కింద ఆయిలు మరక పడితే ‘వ్యక్తిత్వం’, అతని కింద పడితే వినియోగదారుల కేసు. వేసవిలో తమరి ఇంజను వేడెక్కితే యజమాని రోడ్డు పక్కన నిలబడి మురిసిపోతాడు, నలుగురూ చూస్తున్నారని!

2025 నమూనాతో క్యామ్రీ వి6 ఇంజనును మానేసి పూర్తిగా హైబ్రిడ్ అయ్యాడు. ఆ 301 గుర్రాలకు ఎవరైనా సంతాపసభ పెట్టినట్టు నేను వినలేదు.

ఇట్లు,
తమరికి ఉన్నవి రెండే సీట్లు గనుక క్యామ్రీ వెనక సీట్లో కూర్చుని ఇది రాసిన
విధేయుడు