పైపుకు స్వెటరు

"మన ఊళ్లో పైపుకు స్వెటరు ఎందుకు సార్?"

అనంతపురంలో ఇల్లు కట్టించినవారికి ఈ ప్రశ్న కొత్త కాదు. మా ప్లంబరు పళ్ల మధ్య టేపు కొస పట్టుకునే అడిగాడు. అయినా మాట మాత్రం అష్టావధాని పద్యం చదివినంత స్పష్టంగా వచ్చింది. ఇప్పటికి ఎన్ని గుమ్మాల్లో వల్లె వేశాడో పాపం.

నేను అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. డాబా మీది సోలార్ హీటరు నుంచి కింది స్నానాల గదికి దిగే వేడినీళ్ల గొట్టానికి, వేడి దారిలో పోకుండా, 13 మిల్లీమీటర్ల మందం నల్ల రబ్బరు తొడుగు వేయమన్నాను. నైట్రైల్ రబ్బరు అంటారు. ఏసీ బిగించేవాళ్లు దాన్ని ఎవరూ అడగకుండానే తెచ్చి తొడుగుతారు, ఎవరికీ నవ్వు రాదు. వేడినీళ్ల గొట్టానికి అనేసరికి మేస్త్రీ నవ్వాడు, గోడలు తడుపుతున్న వాచ్‌మన్ నవ్వాడు, ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారుగారు పనిగట్టుకుని రోడ్డు దాటి వచ్చి, నవ్వి వెళ్లారు.

వాళ్ల వాదనలో పస లేదనను. మే నెల మధ్యాహ్నం ఇక్కడ చన్నీళ్ల కొళాయి తిప్పినవాడు కేక పెట్టి బయటికి వస్తాడు. డాబా మీది నల్ల ట్యాంకు ఉచితంగా నీళ్లు కాచి పెడుతుంది. వేసవి మూడు నెలలూ ఎర్ర గుర్తు కొళాయి, నీలం గుర్తు కొళాయి ఉద్యోగాలు మార్చుకుంటాయి. ఇంత ఎండ ఉండగా తొడుగు దేనికి అన్న ప్లంబరు సిద్ధాంతంలో ఉన్నది ఒకే ఒక్క లోపం. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున ఐదింటికి ఎండ ఉండదు.

తొడుగు లేకుండానే గృహప్రవేశం అయింది. మొదటి భోగికి గుంతకల్లు నుంచి మా మామగారు వచ్చారు. ముప్పై ఏళ్లు రైల్వేలో చేసిన మనిషి, ఆలస్యాన్ని ఆలస్యం అనరు. ఒంటికి నూనె పట్టించుకుని, తువ్వాలు చుట్టుకుని, ఎర్ర గుర్తు కొళాయి తిప్పి నిలబడ్డారు. నీళ్లు వచ్చాయి. వేడి రాలేదు.

"నాన్నా, వచ్చాయా?" తలుపు బయట మా ఆవిడ.

"ఇంకా లేదమ్మా. డాబా నుంచి బయలుదేరే ఉంటాయి."

ఒక బకెట్టు నిండింది. రెండోది పెట్టారు. నాకు కాళ్లు నిలవక మేడ మెట్లెక్కి గొట్టాన్ని తడిమి చూశాను. హీటరు దగ్గర చెయ్యి చుర్రుమంది. పిట్టగోడ దాటాక గోరువెచ్చన. సన్‌షేడ్ దగ్గర వంపులో మంచు ముద్ద. కిందికి దిగి పరిస్థితి నివేదించాను. "ఔటర్‌లో ఆగింది" అన్నారు మామగారు, పళ్లు టకటకలాడుతుండగా. రెండో బకెట్టూ నిండింది. నూనె కళ్లలోకి దిగింది. పిల్లలు లేచి వచ్చి తలుపు ముందు వరస కట్టారు. చివరికి లోపలి నుంచి "వచ్చేశాయి!" అని కేక. ఆ వెంటనే నిశ్శబ్దం. ఉన్న రెండు బకెట్లలోనూ చన్నీళ్లే. వేడినీళ్లు పట్టడానికి ఖాళీది లేదు. పెద్దాయన ఒక బకెట్టు ఎత్తి తూములో గుమ్మరించారు.

ఇది ఒక్క తొడుగు లేని పాపమే కాదు. మా ప్లంబరు గొట్టాన్ని కూడా తానే ఎంచాడు, ఏకంగా అంగుళం. "ప్రెషర్ బాగుంటుంది సార్" అన్నాడు. గొట్టం ఎంత లావైతే ఇంటాయన హోదా అంత లావు. హీటరు నుంచి కొళాయికి పద్దెనిమిది మీటర్లు. అంగుళం గొట్టం మీటరుకు దాదాపు 0.4 లీటరు పట్టుకుంటుంది. అంటే రాత్రంతా చల్లారి కూర్చున్న ఏడున్నర లీటర్లు బయటికి పోతే గానీ వేడినీళ్లకు దారి లేదు. ఆ దారిలో చల్లటి గొట్టం తాను వేడెక్కడానికి తాగేది వేరు. కలిపితే దాదాపు ఒక బకెట్టు. ఆ భోగి నాడు చలిగాలి ఇంకొకటి అడిగింది. అదే ఒక్క స్నానాల గదికి అరంగుళం గొట్టం వేసి ఉంటే లోపల ఉండేది రెండు లీటర్ల పైచిలుకు.

గొట్టం రకం విషయంలో మాత్రం మా వాడు నయం. వేడినీళ్లకని తయారైన సీపీవీసీ వేశాడు. 93 డిగ్రీల దాకా తట్టుకుంటుందని ఆ గొట్టానికి పేరు. మీద ఐఎస్ 15778 అన్న భారతీయ ప్రమాణం ముద్ర ఉంటుంది, కొనేటప్పుడు చదువుకోవచ్చు. మా వీధి చివరి ఇంట్లో ఆ తేడా ఎందుకని చన్నీళ్లకు వాడే తెల్ల యూపీవీసీనే గీజరుకు తగిలించారు. గీజరు నీళ్లు 60 డిగ్రీలు ఉంటే ఆ గొట్టం మెత్తబడి జోగుతుంది. జోగింది. అతుకు ఊడింది. టైళ్ల వెనకాల చెమ్మ ఎక్కడిదో తేలేలోపు ఆ ఇంటాయన వాస్తు పండితుణ్ణి పిలిపించి తూర్పు గుమ్మం పడమటికి మార్పించాడు.

సీపీవీసీకీ ఒక స్వభావం ఉంది. పది మీటర్ల గొట్టం 20 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే రెండున్నర సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. సాగడానికి చోటు లేకుండా సిమెంటులో పూడిస్తే ఎక్కడో ఒక అతుకు ఆ కోపం తీర్చుకుంటుంది. మెత్తటి తొడుగు ఉంటే ఆ కాస్త చోటూ దొరుకుతుంది. ఈ మాట చెప్పినప్పుడు మా ప్లంబరు నన్ను జాలిగా చూశాడు. గొట్టం సాగుతుందనేవాడికి రేపు గోడ దగ్గుతుందని కూడా అనిపిస్తుంది కదా.

తొడుగును నేను దేవుణ్ణి చేయడం లేదు. రాత్రి పదింటి వేడిని అది పొద్దున ఐదింటి దాకా నిలపలేదు. మొదట స్నానం చేసేవాడికి మందు పొట్టి గొట్టం, సన్న గొట్టం. తొడుగు ఆ తర్వాతివాళ్లకు. ఒకరు తల తుడుచుకుని వచ్చేసరికి ఇంకొకరికి వేడి మిగిలి ఉంటుంది. ఆరుబయట ఊరికే వదిలేస్తే మన ఎండకు రెండు వేసవుల్లో పొడిపొడిగా రాలుతుంది కూడా. పైన అల్యూమినియం టేపు చుట్టాలి.

మా జేజికి ఈ బాధ లేదు. మట్టితో మెత్తిన పొయ్యిలో కాగు, రెండడుగుల దూరంలో స్నానం బండ. మధ్యలో గొట్టం లేదు, చెంబు ఉంది. కాగు అడుగున నీళ్లు మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉండేవి. జేజికి డిగ్రీలు తెలియవు, నీళ్ల విలువ తెలుసు.

మాకు తెలియదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే జిల్లా ఇది. వెయ్యి అడుగులు తవ్వినా తడి మట్టి కనబడక, బోరు అప్పులకు పొలం అమ్ముకున్న రైతులున్న జిల్లా. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె నాలుగింటికే లేచి వీధి కొళాయి దగ్గర నాలుగు బిందెల కోసం పోట్లాడి, ఆ నీళ్లు ఇంట్లో పెట్టి మా ఇంటికి వస్తుంది. ఆ పాటికి మేము మూడు స్నానాల గదుల్లో మూడు బకెట్లు కాలువపాలు చేసి ఉంటాం. వేసవి మూడు నెలలు తీసేసినా ఏడాదికి 12 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర మా ఇంటి ముందు ఆగి, మా సంపులోకి కాదు, నేరుగా మురుగులోకి పోస్తున్నట్టు లెక్క. ఆ నీళ్లు మొక్కలకు పోయొచ్చు కదా అంటారు. పోసేవాళ్లకు దండం. నేను చూసిన ఇళ్లలో షవరు కింద బకెట్టు పెట్టడమే నామోషీ. హాల్లో సీలింగుకు నలభై రెండు దీపాలు పెట్టించినవాడికి గొట్టానికి నాలుగు మూరల రబ్బరు దండగ ఖర్చుగా కనబడుతుంది. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటిది? ఇందులో నేనూ ఉన్నాను. ప్లంబరు నవ్వితే నోరు మూసుకున్నవాణ్ణి నేనే.

సంక్రాంతి వెళ్లాక అతన్నే మళ్లీ పిలిపించాను. గోడలో పూడ్చింది ఎలాగూ చెయ్యి దాటింది. డాబా మీదా బయటి గోడ మీదా ఉన్న అంగుళం గొట్టం కోసేసి సన్నది వేయించి, తొడుగు తొడిగించి, టేపు చుట్టించాను. పని మొత్తం మూతి ముడుచుకునే చేశాడు. చివర్లో రెండడుగుల తొడుగు మిగిలింది. దాన్ని చేతిలో అటూఇటూ తిప్పి చూసి, "ఇది నేను తీసుకుపోనా సార్?" అన్నాడు. తీసుకొమ్మన్నాను. రెండు ముక్కలు చేసి బండి హ్యాండిల్‌కు అటొకటి ఇటొకటి తొడుక్కున్నాడు.

"పొద్దున్నే చేతులు జివ్వుమంటున్నాయి సార్" అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.