ఆ నోటుబుక్ ఒక్కసారి తెరిచి చూడాల్సింది సార్

రాత్రి పదయింది. షాపు మూసి ఇంటికొచ్చి, అన్నం సయించక ఇది రాస్తున్నా. పొద్దున జరిగిందానికి ఇంకా కోపం దిగలేదు.

మా మేనకోడలికి పదహారేళ్ళు. ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. ఏడు నెలలుగా కడుపునొప్పి. ఈరోజు తిరుపతిలోనే నాలుగో డాక్టర్‌కు చూపించాం. ఏడింటికి టోకెన్ తీసుకుంటే పదకొండుంబావుకు పిలిచారు. మా కళ్ళముందే మందుల కంపెనీ వాళ్ళు ముగ్గురు బ్యాగులేసుకుని లోపలికి పోయి వచ్చారు. మేం లోపలున్నది నాలుగంటే నాలుగు నిమిషాలు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టలేదు. కడుపు మీద చెయ్యి వెయ్యలేదు. ఫైలు రెండు పేజీలు తిప్పి, "స్కానింగ్ నార్మల్, బ్లడ్ నార్మల్. ఏమీ లేదు. పరీక్షల టెన్షన్. ఫోన్ చూడ్డం తగ్గించమ్మా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో గారాబం ఎక్కువా?" అని అడిగాడు. పిల్ల ముందే.

అది కూడా పడేవాణ్ణి. నా కడుపు మండింది నోటుబుక్ దగ్గర.

పాప దగ్గర నీలం అట్ట రఫ్ నోటుబుక్ ఒకటుంది. ఎవరూ చెప్పకుండా తనే మొదలుపెట్టింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ నొప్పి, పదికి ఎంత, అంతకుముందు ఏం తిన్నది, ఆరోజు ఎన్ని క్లాసులు పోయాయి, అన్నీ గీతలు గీసి రాసుకుంది. నెలసరి వచ్చిన రోజుల పక్కన ఎర్ర పెన్నుతో చుక్క. డాక్టర్ అడిగితే తడబడకూడదని రాత్రంతా మళ్ళీ చదువుకుంది, పరీక్షకు చదువుకున్నట్టు. లోపలికి వెళ్ళగానే దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది. మధ్యలో ఆయనకు ఫోన్ వచ్చింది. మాట్లాడేసి ఆ ఫోన్‌ను ఆ నోటుబుక్ మీద పెట్టాడు. మేం లేచేటప్పుడు పిల్లే ఆ ఫోన్‌ను రెండు వేళ్ళతో పక్కకు జరిపి, తన పుస్తకం తను తీసుకుంది. ఆయన చూడలేదు కూడా.

లీలామహల్ సర్కిల్ దగ్గర బండి ఆగినప్పుడు వెనకనుంచి మెల్లగా అంది: "ఇంక ఎవరి దగ్గరికీ వద్దులే మామా. నేను ఓర్చుకుంటా."

ఆ "ఓర్చుకుంటా" అన్న మాట నేను అంతకుముందు విన్నా. దాని సంగతి చెప్తా.

ముందు ఆ పుస్తకంలో ఏముందో చెప్పనివ్వండి. పదకొండు చోట్ల రాత్రి రెండు, రెండున్నర అని ఉంది. అంటే నిద్రలోంచి లేపుతున్న నొప్పి. చివరి పేజీలో బరువు రాసుకుంది. నొప్పి మొదలైనప్పుడు నలభై ఏడు కిలోలు, ఇప్పుడు నలభై రెండు. పదహారేళ్ళ పిల్ల పెరగాల్సిన వయసులో ఐదు కిలోలు తగ్గింది. కడుపునొప్పితో వచ్చిన పిల్లల్లో నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం, ఊరికే జ్వరం రావడం, ఎదుగుదల ఆగడం, ఇందులో ఒక్కటి కనపడినా ఇంకా లోతుగా చూడాలని పిల్లల డాక్టర్ల పాఠాల్లోనే ఉంటుంది. మా పాపకు రెండున్నాయి. రెండూ రాసి, తెచ్చి, బల్ల మీద పెట్టింది.

నేను డాక్టర్‌ను కాదు. పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపు కౌంటర్‌లో నిలబడ్డవాణ్ణి. కడుపునొప్పి అంటే ఏం రాస్తారో నాకు చీటీ విప్పకముందే తెలుసు. పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర, నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిపిన మాత్ర. నాలుగు చీటీల్లోనూ అవే. ఈరోజు చీటీలో కొత్తగా నిద్రకో మాత్ర చేరింది. చీటీ లేకుండా ఆ నొప్పి మాత్రలే అడిగి చాక్లెట్లలా కొనుక్కుపోయేవాళ్ళు రోజుకు ఎంతమందో. 2023 చివర్లో మెఫెనమిక్ యాసిడ్ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషనే, అంటే మందుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థే, హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే రియాక్షన్ వస్తుందని, దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలు కూడా దెబ్బతినొచ్చని. అదొక్కటే కాదు, ఈ నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడొచ్చు. నొప్పికి వేసే మాత్రే ఇంకో నొప్పి తెస్తుంది. దయచేసి ఇంట్లో పిల్లలకు అట్లా ఇవ్వకండి. చెప్పేది మందులమ్మేవాడే.

ఇక బంధువులు. ఒకరు బొడ్డు జారిందంటారు, ఒకరు దిష్టి అంటారు. నులిపురుగులంటారు, ఆల్బెండజోల్ స్కూల్లో ఏడాదికేడాది మింగుతూనే వచ్చింది. మా పిన్నమ్మ గోధుమ పడలేదేమో, చపాతీలు మాన్పించమంది. గోధుమ పడని జబ్బు నిజంగానే ఉంది, సీలియాక్ అంటారు. దానికి రక్తపరీక్ష ఉంది. కానీ గోధుమ తింటున్నప్పుడే చెయ్యాలి. మానేసి కొన్నాళ్ళయ్యాక చేస్తే జబ్బున్నా నార్మల్ అని రావచ్చు. పిన్నమ్మకు తెలియకపోవడంలో తప్పేం లేదు. నలుగురు డాక్టర్లలో ఒక్కరైనా ఆ పరీక్ష రాయలేదే, అది నా బాధ.

"స్కానింగ్ నార్మల్" అన్న మాట వింటేనే ఒళ్ళు మండిపోతోంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో రాళ్ళు, గడ్డలు, నీటి బుడగలు కనపడతాయి. పేగు లోపలి పుండు కనపడకపోవచ్చు. పేగు వాచి పుండ్లు పడే క్రోన్స్ జబ్బు దాటిపోవచ్చు. మన దేశంలో ఇంకా ఉన్న పేగు టీబీ మొదట్లో తెలియకపోవచ్చు. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు, ఎండోమెట్రియోసిస్, చాలాసార్లు కనపడదు. మా షాపుకు బీపీ మాత్రలకు వచ్చే రిటైర్డ్ సర్జన్ ఒకాయన ఇంకో సంగతి చెప్పారు. కడుపు గోడలో చిన్న నరం నొక్కుకుపోయినా ఇట్లాంటి నొప్పి నెలలకొద్దీ వస్తుందట. అది స్కానింగ్‌లో కనపడదు. పిల్లను పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట వేలితో నొక్కిపెట్టి, తల పైకెత్తమంటారు. కడుపు బిగిసినప్పుడు నొప్పి ఎక్కువైతే అనుమానం ఆ గోడ మీదికి పోతుంది. దానికి మెషీన్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, ఒక నిమిషం చాలు. మీరు చెయ్యే వెయ్యలేదు సార్.

టెన్షన్‌తో కడుపు నొయ్యదని నేను అనడంలేదు. నొస్తుంది. పేగుకూ మెదడుకూ మధ్య నరాల సంబంధం ఉంది. ఏ పుండూ లేకుండానే ఆ నరాలు మామూలు కదలికను కూడా నొప్పిగా చూపించే పరిస్థితి పిల్లల్లో చాలా మామూలు. కానీ అది కూడా నొప్పే కదా! నాటకం కాదు కదా! చూడాల్సినవన్నీ చూసి, "తల్లీ, నీ నొప్పి నిజం, ఇదిగో దీనివల్ల వస్తోంది, ఇట్లా తగ్గిద్దాం" అని చెప్పడం వేరు. ఏదీ చూడకుండా ఫోన్ తగ్గించు అనడం వేరు. జబ్బేంటో నేను తేల్చట్లేదు, అది నా పని కాదు. వెతకమంటున్నా, అంతే.

ఇప్పుడు ఆ "ఓర్చుకుంటా" సంగతి.

ఆ మాట అంతకుముందు అన్నది పాప వాళ్ళమ్మ, మా అక్క. మేం చిత్తూరులో ఉన్న రోజులవి. అక్కకు పదిహేనేళ్ళు, నాకు తొమ్మిది. నెలకు మూడు రోజులు వంటింటి మూల గోనెసంచి మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. అవ్వ వాము నీళ్ళు కాచి నా చేత పంపేది. గ్లాసు అందిస్తే పళ్ళకు తగిలి టకటకమనేది, అంతగా వణికేది. ఒకసారి అమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది, నేనూ వెంట ఉన్నా. "పెళ్ళయితే తగ్గిపోతుందమ్మా" అన్నాడు. అదే వైద్యం. అమ్మ ఆ మాట పట్టుకుని పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి చేసింది. తగ్గలేదు. రెండో కాన్పు నిలవక తిరిగి తిరిగి, ముప్ఫై నాలుగేళ్ళకు ఆపరేషన్ చేస్తే లోపల రెండు వైపులా చాక్లెట్ సిస్టులు, అంటే అండాశయాల్లో పాత రక్తం నిండిన బుడగలు, పేగుకు అతుక్కుపోయి. ఎండోమెట్రియోసిస్. ఎన్నేళ్ళుగా భరిస్తున్నావమ్మా అని ఆపరేషన్ చేసినావిడ అడిగితే, అక్క వేళ్ళు లెక్కపెట్టి పంతొమ్మిదేళ్ళు అంది.

పంతొమ్మిదేళ్ళు! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉన్న జబ్బు ఇది. అంటే మీ వీధిలోనూ ఉంటుంది, మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఆ డాక్టర్ ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు గానీ, ఆ మాట నేను మరిచిపోను.

తల్లికి ఆ జబ్బుంటే కూతురికి వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. ఈ ఏడు నెలల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "మీ అమ్మకు ఏమైనా ఉందా?" అని అడగలేదు. నెలసరి సంగతి అడగలేదు. ఈరోజు నేనే అడిగా, "సార్, నెలసరికి ముందు నొప్పి ఎక్కువవుతోంది, ఒకసారి చూస్తారా?" అని. మేనమామను, ఆ మాట నా నోటితో అనాల్సి వస్తే పిల్ల తల దించుకుంది. ఆయన "లేడీ డాక్టర్‌కు చూపించుకోండి" అన్నాడు. ఏ డాక్టర్‌కో చెప్పలేదు, చీటీ రాయలేదు. బావ కువైట్‌లో, అక్కకు హాస్పిటల్ గడప అంటేనే భయం. ఇంక ఎవరు అడగాలి?

అక్కను కూడా నిలదీశా ఈరోజు. నీ జబ్బు సంగతి డాక్టర్లకు ఎందుకు చెప్పలేదక్కా అని. "పెళ్ళి కావాల్సిన పిల్లరా అబ్బోడా, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు" అంది. గట్టిగా అరిచేశా. అరవాల్సింది కాదేమో. కానీ ఆ సిగ్గుకు అక్క పంతొమ్మిదేళ్ళు కట్టింది, పాప ఇంకో ఏడాది కూడా కట్టడానికి నేను ఒప్పుకోను.

ఇంకో మాట, చాలామందికి తెలియదు కాబట్టి. మూడో డాక్టర్ దగ్గర రిపోర్టుల కాపీలు అడిగితే కౌంటర్‌లో కసిరారు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది, పేషెంట్ గానీ తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని. ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చా. సాయంత్రానికి ఇచ్చారు. మీరూ అడగండి. బతిమాలకండి.

గురువారం పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి రైలెక్కుతున్నాం. వేలూరులో చూపిస్తాం. తిరుపతిలో ఇన్ని పెద్ద పెద్ద ఆసుపత్రులు పెట్టుకుని పిల్లను వంద కిలోమీటర్లు తీసుకెళ్ళాల్సి రావడం నాకు బాధగానే ఉంది. కాలేజీవాళ్ళు అటెండెన్స్ అంటున్నారు, వాళ్ళ సంగతి తర్వాత చూస్తా.

ఇది రాస్తుంటే అక్క మేడ మీదికొచ్చింది. ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దాచిన ఆపరేషన్ కాగితాలు తెచ్చి నా పక్కన పెట్టింది. పసుపు మరకలు, మడతల దగ్గర చిరుగులు. "లోపలికి నేనూ వస్తా, నేనే చెప్తా" అంది. పాప ఆ కాగితాలు తీసుకుని, నోటుబుక్‌తో పాటు ఒకే కవర్లో పెట్టి, కవర్ మీద పేరు రాస్తోంది.